టేపు అంటిస్తే చెయ్యి లేస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది తెనాలి. మావారి వయసు 56 ఏళ్లు, టైలరింగ్ చేస్తారు. నాలుగు నెలల క్రితం కుడివైపు పక్షవాతం వచ్చింది. మాట, నడక చాలావరకు తేరుకున్నాయి కానీ కుడిచెయ్యి మాత్రం స్వాధీనంలోకి రాలేదు. భుజం కింద ఒక వేలు పట్టేంత గుంట కనిపిస్తోంది. పొద్దుటిపూట బొటనవేలు, చూపుడువేలు కాస్త తెరుచుకుంటున్నాయి. నెల రోజులుగా ఫిజియోథెరపిస్టు వారానికి రెండుసార్లు భుజానికీ, ముంజేతికీ నీలిరంగు సాగే టేపు అంటిస్తున్నారు. ఒక్కోసారికి 400 రూపాయలు తీసుకుంటున్నారు. అంటించిన రోజు చెయ్యి పైకి లేచినట్టే ఉంటుంది, మూడో రోజుకు మళ్లీ మామూలే. కిందటిసారి టేపు తీసినప్పుడు చర్మం ఎర్రబడి దద్దుర్లు వచ్చాయి. మా అబ్బాయి ఆన్‌లైన్‌లో టేపు చుట్ట తెప్పించి, వీడియో చూసి తానే వేస్తానంటున్నాడు. మా మరిది దూలానికి గిలక బిగించి తాడు వేలాడదీశారు. రోజూ దానితో కుడిచెయ్యి పైకి లాగిస్తున్నాం, కానీ రాత్రిళ్లు భుజం నొప్పి అంటున్నారు. బంధువులేమో పావురం రక్తంతో మర్దనా చేయించమంటున్నారు. టేపుతో చెయ్యి తిరిగి వస్తుందా? కొనసాగించమంటారా, మానేయమంటారా?

సమాధానం:

అమ్మా,

మీరు అడిగింది టేపు గురించి. అయినా మీ ఉత్తరం చదువుతూ నేను ముందుగా ఆగింది దూలానికి బిగించిన గిలక దగ్గర. దయచేసి దాన్ని ఈ రోజే విప్పించండి. మీ మరిదిగారు మంచి ఉద్దేశంతోనే కట్టారు, ఆ ఆలోచన ఆయన ఒక్కరికే వచ్చింది కూడా కాదు. మన ఊళ్లలో ఎన్నో ఇళ్లలో, కొన్ని ఫిజియోథెరపీ కేంద్రాలలో సైతం, పక్షవాతం వచ్చిన చేతికి తాడూ గిలకా తప్పనిసరి అన్నట్టు వేలాడుతుంటాయి. అది ఎందుకు తగదో భుజం కీలు నిర్మాణం తెలిస్తే మీకే అర్థమవుతుంది. తుంటిలో ఎముక తల లోతైన గిన్నెలో కుదురుకుని ఉంటుంది. భుజంలో ఆ గిన్నెకు లోతు చాలా తక్కువ. పళ్లెం అంచున నిమ్మకాయ నిలిచినట్టు దండచేతి ఎముక తల దానికి ఆని ఉంటుంది, జారిపోకుండా దాన్ని పట్టి ఉంచే పని ఎక్కువగా చుట్టూ ఉన్న కండరాలదే. అవి చచ్చుబడితే ఎముక తల కిందికి జారుతుంది, మీరు చూసిన గుంట అదే. మనం చెయ్యి పైకెత్తినప్పుడు వీపు మీది రెక్క ఎముక కూడా దానితోపాటు తిరుగుతుంది, దండచెయ్యి కాస్త బయటివైపుకు మెలి తిరుగుతుంది. ఈ రెండూ జరిగితేనే భుజం కొన కింద ఉన్న మెత్తని పొరలు నలగకుండా చోటు మిగులుతుంది. కండరాలు చచ్చుబడిన భుజంలో ఈ రెండు కదలికలూ సరిగా జరగవు. మంచి చేతితో తాడు లాగినప్పుడు దండచేతి ఎముక ఒక్కటే పైకి లేచి ఆ పొరలను నలుపుతుంది. స్పర్శ తగ్గి ఉంటే ఆ నలుగుడు అప్పటికప్పుడు తెలియకపోవచ్చు, రాత్రికి నొప్పిగా బయటపడుతుంది. 1990లో ప్రచురితమైన ఒక చిన్న పరిశోధనలో పక్షవాతం వచ్చిన 28 మందిని మూడు రకాల వ్యాయామాలకు పంచి చూస్తే, తలపై గిలకతో చేసినవారిలో నూటికి 62 మందికి భుజం నొప్పి మొదలైంది. థెరపిస్టు చేత్తో పట్టుకుని కదిలించినవారిలో అది నూటికి 8 మాత్రమే. పరిశోధన చిన్నదే, కానీ తేడా చిన్నది కాదు. మీవారి రాత్రి నొప్పికి ముందుగా నేను అనుమానించేది ఆ తాడునే.

దానితోపాటు ఇంకో అలవాటు కూడా చూసుకోండి. మంచం మీంచి లేపేటప్పుడు కుడిచెయ్యి పట్టి లాగడం గానీ, కుడి చంక కింద చెయ్యి వేసి ఎత్తడం గానీ చేయకూడదు. నడుము దగ్గర పట్టుకుని లేపాలి. చొక్కా తొడిగేటప్పుడు ముందు కుడిచెయ్యి, విప్పేటప్పుడు చివర కుడిచెయ్యి. కూర్చున్నప్పుడు చెయ్యి కిందికి వేలాడకుండా ఒడిలో దిండు పెట్టి మోచేతి నుంచి వేళ్ల వరకు దానిపై ఆనించండి. మనిషి చెయ్యి మొత్తం శరీరం బరువులో సుమారు ఇరవయ్యో వంతు తూగుతుంది, అంటే 65 కిలోల మనిషికి మూడు కిలోల పైమాట. ఆ బరువు పగలంతా కింది నుంచి లాగుతూ ఉంటే, పైన ఏ టేపు వేసినా దాని పని గాలిలో కలిసిపోతుంది.

ఇక టేపు సంగతి. పక్షవాతంలో వాడే టేపులు ప్రధానంగా రెండు రకాలు, వాటి ప్రయోజనాలూ వేరు. ఆ రెండూ కలగలిసిపోవడం వల్లే మీకు వచ్చిన సందేహం చాలామందికి వస్తోంది. మొదటిది సాగని జింక్ ఆక్సైడ్ టేపు. కింద మెత్తని పొర అంటించి, దానిపై ఈ టేపును గట్టిగా లాగి భుజానికి ఊతంగా వేస్తారు. పక్షవాతం వచ్చిన తొలి వారాలలో, చెయ్యి పూర్తిగా వాలిపోయి ఉన్నప్పుడు, కీలు జారకుండా, నొప్పి మొదలుకాకుండా కాపాడటం దాని ఉద్దేశం. రెండోది మీవారికి వేస్తున్న సాగే టేపు. జపాన్‌కు చెందిన కైరోప్రాక్టర్ (వెన్నెముకను, కీళ్లను చేత్తో సరిచేసే చికిత్సకుడు) కెంజో కాసే 1970లలో దీన్ని రూపొందించారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో క్రీడాకారుల భుజాల మీద, మోకాళ్ల మీద రంగురంగుల పట్టీలుగా కనిపించిన తరువాత ప్రపంచమంతా పాకింది. సాగే దారం కలిపి నేసిన నూలు గుడ్డ, వెనుక ఆక్రిలిక్ జిగురు, అంతే. అందులో మందు ఏదీ ఉండదు, నీలం, గులాబీ, నలుపు రంగుల మధ్య తేడా చూపుకే తప్ప పనిలో లేదు. ఎలాస్టిక్ వేసిన గుడ్డ ఎంత బరువు మోస్తుందో, ఎన్నాళ్లకు పట్టు సడలుతుందో మీవారిని అడగండి, వృత్తిరీత్యా ఆయనే చక్కగా చెప్పగలరు. మూడు కిలోల చేతిని రోజుల తరబడి పైకి పట్టి ఉంచడం దాని వల్ల అయ్యే పని కాదు.

మరి అది చేసేదేమిటి? చర్మాన్ని కొద్దిగా లాగి పట్టడం వల్ల అక్కడి స్పర్శ నాడులకు ఎడతెగని సంకేతం అందుతుంది, ఆ భాగం మీద మనిషికి ధ్యాస పెరుగుతుంది, భుజం ఏ భంగిమలో ఉందో గుర్తుచేస్తూ ఉంటుంది. ఇది వాదనగా సమంజసంగానే ఉంది. అయితే ఆ సంకేతం వల్ల మెదడులో దెబ్బతిన్న దారి తిరిగి తెరుచుకుంటుందని చెప్పడానికి గట్టి ఆధారం లేదు. సాగని టేపుతో భుజానికి ఊతమివ్వడం గురించి ఆస్ట్రేలియా పరిశోధకురాలు లూయీస్ ఆడా, ఆమె సహచరులు 2005లో అప్పటివరకు జరిగిన ప్రయోగాలను కలిపి సమీక్షించారు. టేపు వేసినవారిలో నొప్పి మొదలుకావడం సగటున రెండు వారాలు ఆలస్యమైంది. మొదలైన నొప్పి దానివల్ల తగ్గలేదు, చేతి పనితనం పెరగలేదు. సాగే టేపు మీద ఆ తరువాత జరిగిన ప్రయోగాలు చాలావరకు చిన్నవి, వాటి ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. కొన్నింటిలో నొప్పి కొంత తగ్గినట్టు, కీలు జారడం కాస్త తగ్గినట్టు తేలింది. వ్యాయామంతో పోల్చదగ్గ మేలు చేతి కదలికకు టేపు వల్ల జరిగిందని మాత్రం నేను మీకు చెప్పలేను. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు సూటి జవాబు: టేపు ఒక్కదానితో చెయ్యి తిరిగి రాదు. భుజం నొప్పి తగ్గి, టేపు ఉన్నంతసేపూ ఆయన మరికొంత ఎక్కువగా సాధన చేయగలిగితే, ఆ మేరకు అది ఉపయోగపడినట్టు.

టేపు వేసిన రోజు చెయ్యి లేచినట్టు కనిపించిందన్నారు. మీరు చూసింది అబద్ధమని నేను అనను, కానీ ఏది లేచిందో జాగ్రత్తగా గమనించమంటాను. చెయ్యి ఎత్తమన్నప్పుడు పక్షవాత రోగులు తెలియకుండానే రెండు పనులు చేస్తారు. భుజాన్ని చెవి వైపు ఎగరేస్తారు, నడుమును ఎడమవైపుకు గానీ వెనక్కి గానీ వంచుతారు. దూరం నుంచి చూసేవారికి చెయ్యి లేచినట్టే ఉంటుంది, నిజానికి కీలులో కదలిక అంగుళం కూడా పెరిగి ఉండదు. దానికి తోడు టేపు వేసిన రోజు థెరపిస్టు వస్తారు, వ్యాయామం చేయిస్తారు, ఇంట్లో అందరి చూపూ ఆ చేతి మీదే ఉంటుంది, రోగికి ఉత్సాహం వస్తుంది. మూడో రోజున ఇవేవీ ఉండవు. ఆ మెరుగుదలలో టేపు వాటా ఎంత, మనుషుల వాటా ఎంత అన్నది కొలిస్తే తప్ప తేలదు.

కాబట్టి కొలవండి. చర్మం పూర్తిగా మానిన తరువాత, మీ థెరపిస్టుకు చెప్పి, ఒక వారం టేపుతో, మరో వారం టేపు లేకుండా, వ్యాయామం మాత్రం రెండు వారాలూ ఒకేలా చేయించండి. రోజూ ఒకే సమయానికి ఆయనను కుర్చీలో వీపు ఆనించి కూర్చోబెట్టి, బల్ల మీద మడిచిన గుడ్డ వేసి, దానిపై కుడి అరచెయ్యి పెట్టి ముందుకు జరపమనండి. వీపు కుర్చీని వదలకూడదు, భుజం చెవి వైపు ఎగరకూడదు. వేలి కొన ఎంతవరకు చేరిందో టైలర్ సుద్దతోనే గీత గీసి, టేపుతో కొలిచి (ఇది మీ దుకాణం టేపు) రాసుకోండి. వేళ్లు కాస్త పట్టు చిక్కాక, ఖాళీ దారపు రీళ్లను ఒక డబ్బాలోంచి పక్క డబ్బాలోకి ఒక నిమిషంలో ఎన్ని వేయగలుగుతున్నారో లెక్కపెట్టండి. ఆసుపత్రులలో రెండున్నర సెంటీమీటర్ల చెక్క దిమ్మెలతో 60 సెకన్లపాటు చేసే పరీక్ష దాదాపు ఇలాంటిదే. దానితోపాటు రాత్రి నొప్పికి సున్నా నుంచి పది వరకు ఆయననే అంకె వేయమనండి. రెండు వారాల అంకెలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు తేడా లేకపోతే, వారానికి 800 రూపాయలు టేపు మీద పెట్టేకన్నా, ఆ డబ్బుతో చేతి వ్యాయామానికి మరింత సమయం ఇమ్మని అదే థెరపిస్టును అడగండి. తేడా ఉంటే కొనసాగించండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఇలా చూద్దామని మీరు చెబితే మంచి థెరపిస్టు నొచ్చుకోరు.

మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యం నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది. పొద్దుటిపూట బొటనవేలు, చూపుడువేలు కాస్త తెరుచుకుంటున్నాయన్నారు. వేళ్లు ముడవడం కన్నా తెరవడం కష్టం. ఆ తెరిచే శక్తి కొద్దిగానైనా ఉన్న చెయ్యి సాధనకు అందుతుంది. 2006లో వెలువడిన అమెరికా ప్రయోగం ఒకటి ఇక్కడ చెప్పుకోదగింది. పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మందిని అందులో చేర్చుకున్నారు. ఒక బృందంవారికి రెండు వారాలపాటు మంచి చేతికి తొడుగు వేసి, మేలుకున్న సమయంలో చాలాభాగం బలహీనమైన చేతితోనే పనులు చేయించారు. ఏడాది తరువాత కూడా వారి చెయ్యి మామూలు వైద్యం పొందినవారికన్నా మెరుగ్గా పనిచేసింది. అందులో చేరడానికి పెట్టిన అర్హత మణికట్టును, వేళ్లను కొన్ని డిగ్రీలైనా వెనక్కి ఎత్తగలగడం. మీవారు నాలుగో నెలలో ఉన్నారు, వేళ్లలో కదలిక మొదలైంది. మణికట్టు ఎంత లేస్తుందో థెరపిస్టు చేత కొలిపించండి. అర్హత ఉందంటే రోజుకు కొన్ని గంటలపాటు ఎడమచేతికి తొడుగు వేసి చేయించే పద్ధతిని వారి పర్యవేక్షణలో మొదలుపెట్టవచ్చు. నడిచేటప్పుడు, స్నానాలగదిలో, వేడి వస్తువుల దగ్గర ఆ తొడుగు ఉండకూడదు. పట్టుకోవడానికి మంచి చెయ్యి కావాలి.

సాధన ఎంత ఉండాలన్నది మరో మాట. అమెరికా, కెనడాలలో కొన్ని పునరావాస కేంద్రాలలో జరిగిన వ్యాయామాన్ని పరిశోధకులు పక్కన కూర్చుని లెక్కపెడితే, ఒక విడతలో చేతితో చేయించిన పనులు సగటున 32 సార్లే జరిగాయని 2009లో తేలింది. జంతువుల మీద జరిగిన ప్రయోగాలలో మెదడులో మార్పు కనిపించడానికి రోజుకు వందల సార్లు చేయించవలసి వచ్చింది. అదే ఏడాది కెనడాలో 103 మంది రోగులకు చేతి వ్యాయామాల పుస్తకమూ, చిన్నపాటి సామాగ్రీ ఇచ్చి, థెరపీకి అదనంగా రోజుకు గంట చొప్పున నాలుగు వారాలు సొంతంగా చేసుకోమంటే, వారి చేతి పనితనం మిగతావారికన్నా మెరుగుపడింది. వారానికి రెండుసార్లు వచ్చే థెరపిస్టు ఎంత మంచివారైనా, మిగిలిన అయిదు రోజులు చెయ్యి ఒడిలో పడుకుని ఉంటే లాభం లేదు. మొదట రోజుకు వంద సార్లతో మొదలుపెట్టి, పావుగంట చొప్పున నాలుగైదు విడతలుగా పంచి, అలసట చూసుకుంటూ పెంచుకుంటూ పోండి.

పనులు ఆయనకు తెలిసినవే అయితే ఇంకా మంచిది. గుడ్డ మడతను అరచేతితో సాపు చేయడం, బొత్తాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి వదలడం, ఎడమచేత్తో కత్తిరించేటప్పుడు కుడిచేత్తో గుడ్డను అదిమి పట్టడం. పట్టుకోవడం కన్నా వదలడం మీద ఎక్కువసేపు గడపండి. పొద్దుటిపూట వేళ్లు తెరుచుకుంటున్నాయి కాబట్టి కష్టమైన పనులు ఆ వేళకే పెట్టుకోండి. కత్తెర కుడిచేతికి అప్పుడే ఇవ్వకండి, మొద్దు అంచున్న పిల్లల కత్తెర కూడా మరికొన్నాళ్లు ఆగాలి.

ముంజేతికి వేస్తున్న టేపు గురించి ఒక్క మాట. వేళ్లు బిగుసుకుపోయే గుణం ఎక్కువగా ఉంటే ఆ బిగువును టేపు విప్పలేదు. మణికట్టుకు పట్టీ అవసరమా, బిగువు తగ్గించే బొట్యులినమ్ ఇంజెక్షన్ అవసరమా అన్నది న్యూరాలజీ వైద్యులు గానీ, పునరావాస వైద్యులు గానీ చూసి నిర్ణయించాలి. ఇంజెక్షన్ వేసినా దాని తరువాత వ్యాయామం లేకపోతే ఖర్చు మాత్రమే మిగులుతుంది. మెడలో వేసే స్లింగ్‌ను నడిచేటప్పుడు వాడుకోండి, కూర్చున్నప్పుడు తీసేయండి. రోజంతా దానిలోనే ఉంచితే మోచెయ్యి ముడుచుకుని ఛాతీకి అంటుకుపోయినట్టు తయారవుతుంది. భుజం కింది గుంటకు కరెంటు ఉద్దీపన (కొద్దిపాటి కరెంటుతో కండరాలను బిగిసేలా చేయడం) గురించి కూడా అడగవచ్చు. తొలి వారాలలో మొదలుపెడితే జారడం కొంత తగ్గుతుందన్న ఆధారం ఉంది, నాలుగు నెలల తరువాత ఆశ కాస్త తగ్గించుకోవాలి.

ఇప్పుడు చర్మం. దద్దుర్లు ఉన్నచోట మళ్లీ టేపు వేయకూడదు, ఎరుపు, దురద పూర్తిగా పోవాలి. తరువాత కూడా ముందుగా రెండు అంగుళాల ముక్క ఒకటి ఎడమ భుజానికి అంటించి రెండు రోజులు చూడండి. కుడివైపు స్పర్శ తగ్గినవారికి జిగురు మంట తెలియదు కాబట్టి పరీక్ష తెలిసే వైపున చేయడం మేలు. టేపు వేయబోయే పూట కొబ్బరినూనె, మర్దనా తైలం రాయకండి, అది అంటుకోదు. అంటుకోలేదని మరింత లాగి వేస్తే చర్మం బొబ్బలెక్కుతుంది. మన ఎండలకు చెమట కింద నిలిచి చర్మం నానిపోతుంది, అందుకని వేసవిలో అయిదు రోజులు ఉంచవచ్చని పెట్టె మీద రాసి ఉన్నా మూడో రోజుకే తీసేయడం మంచిది. తీసేటప్పుడు ఒక్క ఊపున లాగకుండా, అంచులకు నూనె రాసి పది నిమిషాలు నాననిచ్చి, ఒక చేత్తో చర్మాన్ని అదిమి పట్టి, వెంట్రుకలు వాలిన దిశలో నెమ్మదిగా ఒలవాలి. మీవారు రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడుతూ ఉండవచ్చు, వాటితో చర్మం కింద రక్తం కమిలే అవకాశం ఎక్కువ. మధుమేహం కూడా ఉంటే టేపు కింది చర్మాన్ని రోజూ కంటితో చూడాలి.

మీ అబ్బాయి శ్రద్ధకు సంతోషం, కానీ భుజానికి వీడియో చూసి టేపు వేయవద్దని చెప్పండి. ఆ వీడియోలలో ఎక్కువభాగం ఆటల్లో దెబ్బ తగిలినవారి కోసం తీసినవి. వారి భుజం కండరాలు పనిచేస్తుంటాయి, నొప్పి కలిగితే వారికి తెలుస్తుంది. ఎముక తలను లోపలికి సరిచేసి పట్టుకోకుండా టేపు లాగితే జారిన కీలును జారినచోటే బిగించినట్టవుతుంది. మీ థెరపిస్టు రెండుమూడుసార్లు దగ్గరుండి నేర్పి, అబ్బాయి చేత చేయించి చూసి, సరేనంటే అప్పుడు తెప్పించిన చుట్ట పనికివస్తుంది, ఆ 400 కూడా మిగులుతాయి. అంతవరకు దారపు రీళ్ల లెక్క, సుద్దగీతల కొలత అతనికి అప్పగించండి.

పావురం రక్తం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. దెబ్బ తగిలింది మెదడులో, చర్మం మీద రాసిన రక్తం అక్కడికి చేరదు. పైగా మీవారి చర్మం ఇప్పటికే దద్దుర్లతో ఉంది, పక్షి రక్తం పూస్తే పుండు పడే ప్రమాదం ఉంది. బంధువుల మాట కాదనలేకపోతే, డాక్టర్ మర్దనా ఏదీ వద్దన్నారని నా పేరు చెప్పండి.

గిలక మానేసి, చేతిని ఆనించి ఉంచడం మొదలుపెట్టిన రెండు వారాలలో రాత్రి నొప్పి తగ్గకపోతే భుజాన్ని ఎముకల వైద్యులకు గానీ పునరావాస వైద్యులకు గానీ చూపించండి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి మీకు దగ్గరే. అరచేతి వెనుకవైపు వాచి, ఎర్రబడి, వేడిగా ఉండి, వేళ్లు తాకితేనే ఆయన ఓర్చుకోలేకపోతుంటే రెండు వారాలు ఆగకండి. అది భుజం నుంచి చేతి వరకు పాకే మరో రకం నొప్పి కావచ్చు, మొదట్లోనే వైద్యం చేస్తే మంచిది. అప్పుడు వెళ్లేటప్పుడు టేపు ఉంటే తీసేసి, వాడుతున్న మాత్రల చీటీ, మీరు రాసుకున్న అంకెల కాగితం వెంట తీసుకువెళ్లండి.